మా కాలేజీ శిలాఫలకం గారికి

శ్రీ శిలాఫలకం గారికి,
బండ్ల షెడ్డు వెనక, ఆర్వో ప్లాంటు పక్కన.

అయ్యా, నమస్కారం.

నేను మీకు ముఖపరిచయమే. ఉదయం ఎనిమిదీ యాభైకి బయోమెట్రిక్ మిషన్ నా వేలిముద్ర తనకి తెలియదని మొండికేస్తే, ఆ వేలిని జేబురుమాలుకి తుడుచుకుంటూ మీ వంక దీనంగా చూసేది నేనే. సివిల్ డిపార్ట్‌మెంట్. డిపార్ట్‌మెంట్ అంటే ప్రస్తుతం నేనూ, నేల కొలతలకి కన్ను పెట్టి చూసే ఒక థియోడలైటూ. దానికి కన్ను సరిగ్గా ఆనదు. నాకూ ఈమధ్య అంతే.

ఈ క్యాంపస్ మొత్తమ్మీద పర్మనెంట్ స్టాఫ్ మీరొక్కరే కాబట్టి ఈ లేఖ మీకే రాస్తున్నాను. ప్రిన్సిపాల్ గారికి రాద్దామంటే, చేరేలోపు ప్రిన్సిపాల్ గారు మారిపోతారు.

ముందు మీ వయసు సంగతి. మీ మీద తారీఖు చివరి అంకె సున్నం కింద పడిపోయింది. ఒక పక్కనుంచి చూస్తే ఏడు, ఇంకో పక్కనుంచి తొమ్మిది. అందుకే మనం రజతోత్సవం రెండుసార్లు చేసుకున్నాం. రెండోసారి ఇచ్చిన మెమెంటోలు మొదటిసారి మిగిలినవే అని స్టోర్స్ అబ్బాయి చెప్పాడు. ఏడైనా తొమ్మిదైనా తొంభైల చివర అన్నది ఖాయం. మీ మీద ‘సెంట్రల్ లైబ్రరీ భవనమునకు శంకుస్థాపన’ అని ఉందన్నదీ ఖాయం. లైబ్రరీ రావాల్సిన చోట బండ్ల షెడ్డు వచ్చింది. పుస్తకాలు మూడో అంతస్తులో, మెట్ల కింద, తాళం వేసి భద్రంగా ఉన్నాయి.

మీకంటే పెద్దవాళ్లున్నారు లెండి. 1977లో విజయవాడలో సిద్ధార్థ, 1979లో హైదరాబాద్‌లో చైతన్య భారతి వచ్చినప్పుడు, ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ అంటే ఊరు ఊరంతా వెళ్లి చూసొచ్చే వింత. 1983లో క్యాపిటేషన్ ఫీజును, అంటే సీటు కోసం గుంజే డొనేషన్ని, నిషేధిస్తూ రాష్ట్రం చట్టం చేసింది. ఆనాటినుంచి దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవడం లేదు. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు సగం ఫ్రీ సీట్లు, సగం పేమెంట్ సీట్లు అంది. ఆ కేసులో ఎదుటి పక్షం మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. మీ మీద కొబ్బరికాయ కొట్టింది ఆ సగంసగం రోజుల్లోనే. 2002లో టీఎంఏ పాయ్ తీర్పు వచ్చి ఆ పద్ధతి చెల్లదంది. కాలేజీలు అన్ని తీర్పులనీ గౌరవించాయి, క్యాష్ కౌంటర్ వేళలు మాత్రం మార్చలేదు.

మన కాలేజీ పెట్టిన పెద్దాయన రైస్‌మిల్లు నడిపిన మనిషి. ధాన్యం తేమ చూసి ధర కట్టే విద్య ఆయనకి బాగా వచ్చు. ఇంటర్ మార్కుల మెమో చేతికిస్తే ఇప్పటికీ ముందు బొటనవేలితో నొక్కి చూస్తారు.

2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. దాని గురించి వెటకారం చెయ్యడానికి నాకు నోరు రాదు. మా క్లాసులో కూలికి వెళ్లే ఇళ్లనుంచి వచ్చిన పిల్లలు, ఆ ఇళ్లలో మొదటిసారి ఇంజనీరు అనిపించుకున్నవాళ్లు, దాని పుణ్యాన వచ్చినవాళ్లే. కానీ పిల్లల వెనక ప్రభుత్వం డబ్బు కూడా నడిచొస్తుందని తెలిసేసరికి, మీలాంటి శిలాఫలకాలు వానాకాలం పుట్టగొడుగుల్లా లేచాయి. ఉమ్మడి రాష్ట్రంలో ఏడొందల పైచిలుకు ఇంజనీరింగ్ కాలేజీలు! పొలాల మధ్య నాలుగంతస్తులు, ముందువైపు నీలం అద్దాలు, వెనకవైపు ఇటుకలు. సివిల్ వాణ్ని కాబట్టి ఆ వెనకవైపు చూడలేకపోయేవాణ్ని.

ఆ డబ్బు ఎప్పుడొస్తుందో అన్నదే అసలు చిక్కు. ఒకప్పుడు కాలేజీ ఖాతాలో వేసేవాళ్లు, 2021లో తల్లుల ఖాతాల్లో వేశారు. ఎక్కడ వేసినా రావడం మాత్రం తిథి చూసుకునే వస్తుంది. మొన్న మే నెలలో ఒకమ్మాయి మీ మీదే కూర్చుంది, గుర్తుందా? కంపెనీలో చేరాలి, సర్టిఫికెట్లు కావాలి. ‘గవర్నమెంటు డబ్బు రాలేదమ్మా, నువ్వు కట్టి తీసుకెళ్లు, వచ్చాక ఇస్తాం’ అన్నారు కౌంటర్లో. పన్నెండింటికి కూర్చున్న పిల్ల నాలుగున్నర దాకా లేవలేదు. వాళ్లమ్మ పక్కనే నిలబడి, చెవుల్లో దిద్దులు తీసి కొంగున ముడేసుకుంది. మీ పక్కనున్న కుళాయి కింద చెయ్యి పట్టి నీళ్లు తాగి, మళ్లీ కౌంటర్ దగ్గరికి వెళ్లింది. ప్రభుత్వం కాలేజీకి బాకీ, కాలేజీ నాకు మూడు నెలల జీతం బాకీ, నేను పాలవాడికి బాకీ. దిద్దులు తీసింది మాత్రం ఎవరికీ బాకీ లేని ఆవిడ.

సరే, ఇన్‌స్పెక్షన్ సంగతికొద్దాం. ఏడాదిలో మీకు స్నానం చేయించేది ఆ ఒక్కరోజే కదా. గ్రేడులిచ్చే న్యాక్ వాళ్లో, అనుమతులిచ్చే ఏఐసీటీఈ వాళ్లో వస్తున్నారంటే, వారం ముందునుంచే మన కాలేజీ పెళ్లివారి ఇల్లు. కుండీలు అద్దెకొస్తాయి. ఎదుటి పాలిటెక్నిక్‌నుంచి లేత్ మిషన్ ట్రాక్టర్ మీద వస్తుంది, వెనకాలే దాన్ని నడిపేవాడూ వస్తాడు. ఇరవైమంది విద్యార్థులకొక అధ్యాపకుడు ఉండాలి కదా, అందుకని పేర్లు రిజిస్టర్లోనూ మనుషులు ఇంకెక్కడో ఉండే సార్లు ఆరోజు దర్శనమిస్తారు. పోయినసారి వచ్చిన ఒక ప్రొఫెసర్ గారు నన్ను టాయిలెట్ ఎటని అడిగారు. రికార్డుల ప్రకారం ఆయన ఇక్కడ ఆరేళ్లుగా పనిచేస్తున్నారు.

ఆరోజు మీమీద ఫ్లెక్సీ కూడా కడతారు. మీ మీదున్న మంత్రిగారి పార్టీ అధికారంలో ఉంటే మిమ్మల్ని కడుగుతారు, లేకపోతే ఫ్లెక్సీ. ఐదేళ్లకోసారి మీకు ముసుగు పడుతుంది, తీస్తారు, పడుతుంది. దాని కింద ‘జె.ఎన్.టి.యు., హైదరాబాదు’ అని ఇంకా అలాగే ఉంది. 2008లో ఆ యూనివర్సిటీని విడగొట్టినప్పుడు మనం కాకినాడ వాటాకి వచ్చాం. ఆ కబురు మీకు చెప్పడం అందరూ మర్చిపోయారు.

బ్రాంచిల బోర్డు రాసే పెయింటర్‌దే అదృష్టం. మొదట ఈసీఈ, తరవాత ఐటీ, ఐటీ పడిపోతే చెరిపించారు, లేస్తే మళ్లీ రాయించారు. ఇప్పుడు కృత్రిమ మేధ, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ. రాసిందే రాసి ఆయన ఇల్లు కట్టుకున్నాడు. నా సివిల్ సీట్లు కృత్రిమ మేధకి పోయాయి. ఆ పిల్లలకి నేను పర్యావరణ శాస్త్రం చెబుతాను. వేసవిలో కరపత్రాలు పట్టుకుని ఇంటర్ పాసైన పిల్లల ఇళ్లకి వెళతాను. మొన్న ఒక ఇంట్లో మజ్జిగిచ్చి, ‘బాబూ, మీ కాలేజీలో మీ అబ్బాయిని చేర్పిస్తారా?’ అని అడిగింది ఒక ముసలావిడ. మజ్జిగ చాలా బాగుందన్నాను.

పిల్లలు మాత్రం మన పరువు తియ్యలేదండీ. డెబ్బై అయిదు శాతం హాజరు లేక కండోనేషన్ ఫీజు కట్టినవాళ్లే సాయంత్రం ఆరుదాకా ఇక్కడే తిరుగుతారు. క్లాసు తప్ప కాలేజీ అంటే ప్రాణం వాళ్లకి. రికార్డులు మీమీద పెట్టుకునే రాస్తారు, ఒకడు రాసింది తొమ్మిదిమంది దింపుతారు, మొదటివాడి పేరుతో సహా. మీ ఎడమ మూలన బాణం గుర్తుతో చెక్కిన రెండు పేర్లున్నాయి చూడండి, వాళ్లకి పెళ్లయింది. ఇద్దరూ బెంగళూరులో ఉన్నారు. మన ప్లేస్‌మెంట్ సెల్ సాధించినవాటిలో నేను పూచీపడగలిగింది అదొక్కటే.

ఇక అసలు కబురు. మనం యూనివర్సిటీ అవుతున్నామట. కొత్త శిలాఫలకానికి ఆర్డరిచ్చారు, మీకు రెండింతలు, ఇంగ్లీషులో. మిమ్మల్ని తిరగేసి క్యాంటీన్ వెనక గిన్నెలు తోమే చోట పరుస్తారని మేస్త్రీ అన్నాడు. అక్షరాలు కిందికే ఉంటాయి, అరగవు, కంగారు పడకండి.

ఒక్క చిన్న సాయం. ఈ రెండురోజులూ మీరు ఆఫీసు కిటికీకి ఎదురుగానే ఉంటారు కదా. చేరినరోజు నా ఎంటెక్ ఒరిజినల్ సర్టిఫికెట్ తీసుకుని ఆకుపచ్చ బీరువాలో, కింది అరలో పెట్టారు. బీరువా తలుపు ఎప్పుడైనా తెరుచుకుంటే, అది ఇంకా అక్కడే ఉందో లేదో కాస్త చూసి పెట్టండి. చెదలు పట్టిందని అటెండర్ అంటున్నాడు.

ఇట్లు,
ఫ్యాకల్టీ లిస్టులో సీరియల్ నంబర్ 37