ఉగ్రాణం తాళంచెవి ఒక్కడికేనా?

కంప్యూటర్లను నడిపించే లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్లో ఇంత ఘోరం జరిగితే మా కావలిలో ఒక్కరూ నోరు మెదపలేదు. చిన్న చిన్న ముక్కలుగా మెమరీ పంచడానికి అక్కడ ముగ్గురుండేవారు, మనుషులు కాదు, ప్రోగ్రాములు: స్లాబ్, స్లోబ్, స్లబ్. 2023లో 6.4 వెర్షన్‌తో స్లోబ్‌ను పంపేశారు. 2024 మార్చిలో 6.8 వచ్చేసరికి స్లాబ్‌కూ సెలవిచ్చారు. 1994లో సన్ కంపెనీ ఇంజినీరు జెఫ్ బాన్‌విక్ వివరించిన పద్ధతి, అంత పాత వంశం! కనీసం వయసైనా చూడొద్దా? అడిగితే, కోడ్ సులువు చేశామంటారు.

మా ఇంట్లో పెళ్లంటే ఉగ్రాణం దగ్గర ముగ్గురు బావలూ ఉండాల్సిందే. పెద్దబావ అచ్చం స్లాబ్. వడ్డించే ప్రతివాడి పక్కనా ముందే మలై కాజాల పళ్లెం పేర్చి పెడతాడు. అడగడమే ఆలస్యం, చేతిలో పడుతుంది. కాకపోతే సగం కాజాలు ఆ పళ్లేల్లోనే ఉండిపోయి, ఆఖరి పంక్తికి 'అయిపోయినాయి' అనే మాట వస్తుంది. వందల ప్రాసెసర్లున్న మెషీన్లలో ఇలాగే బోలెడు మెమరీ వరుసల్లో ఇరుక్కునేదట. ఇరుక్కుంటే ఏమబ్బా? ఇంట్లోనే ఉందిగా!

రెండోబావ స్లోబ్. ఎక్కడ కాస్త జాగా దొరికితే అక్కడ్నుంచి అడిగినంతే తుంచి ఇస్తాడు. చిన్న శుభకార్యానికి దేవుడే. జనం పెరిగితే మాత్రం వెతుకులాటలోనే తెల్లారిపోతుంది. పైగా కొన్ని గిన్నెలు ఎంతెంతవో రాసుకోడు, తిరిగిచ్చేటప్పుడు ఏ బాపతుదో మనమే చెప్పాలి. ఈయనొక్కడి మూలంగా, ఏ గిన్నెనైనా 'కేఫ్రీ' అని ఒక్క మాటతో తిరిగిచ్చే సుఖం కెర్నెల్‌కు ఏళ్ల తరబడి దక్కలేదు. పెద్దల కోసం ఆమాత్రం సర్దుకోవడం మన సంప్రదాయం.

చిన్నబావ స్లబ్, 2007లో వచ్చాడు. సైజు కలిస్తే చాలు, ఎవరి గిన్నెలైనా ఒకే అరలో కలిపేస్తాడు. వియ్యాలవారివీ మనవీ అనే తేడా కూడా లేదు. ఇలాంటివాడికా తాళంచెవి?

బెంగళూరులో కెర్నెల్ పని చేసే మా మేనల్లుడు దీన్ని వెనకేసుకొచ్చాడు. "ముగ్గురుంటే ఏ కొత్త మార్పైనా మూడుచోట్ల చూసుకోవాల మామా. ఒకచోట సరిచేస్తే ఇంకోచోట చెడుద్ది. ఒకడు చాలు."

"అట్నా? మరి మాఘంలో నీ పెళ్లికి ఏ ఇద్దర్ని తీసేద్దామో మీ అమ్మతో చెప్పిరా పో" అన్నాను.

వాడు మాట్లాడకుండా కాజా అందుకున్నాడు. వాడి నాన్నే మా పెద్దబావ.