ఆమిష్ పిల్లల భవిష్యత్తు పదహారేళ్లకు కాదు, పద్నాలుగుకే తేలిపోతోంది

1965 నవంబర్ 19. అమెరికాలోని అయోవా రాష్ట్రం, హేజల్టన్ దగ్గర ఒక చిన్న బడి. కార్లకు, కరెంటుకు దూరంగా పాత పద్ధతిలో బతికే ఆమిష్ అనే క్రైస్తవ వర్గం వాళ్లది. అక్కడి టీచర్లకు ప్రభుత్వం అడిగే సర్టిఫికెట్లు లేవు. అందుకని పిల్లల్ని ఊళ్లోని ప్రభుత్వ బడికి తీసుకెళ్తామంటూ అధికారులు బస్సు వేసుకుని వచ్చారు. ఎవరో వాళ్ల భాషలో 'పరిగెత్తండి' అని అరిచారు. అంతే, పిల్లలంతా పక్కనున్న మొక్కజొన్న చేలోకి పరుగు లంకించుకున్నారు. ఒక పత్రికా ఫోటోగ్రాఫర్ ఆ పరుగును కెమెరాలో పట్టుకున్నాడు. ఆ ఒక్క ఫోటోతో దేశం సానుభూతి ఆమిష్‌ల వైపు మళ్లింది. 1967లో అయోవా శాసనసభ వాళ్లకు మినహాయింపు కూడా ఇచ్చింది.

ఆ ఫోటో చూసినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. పిల్లల్ని భయపెట్టి బడికి లాక్కెళ్లడం ఏ ప్రభుత్వానికీ తగని పని. కానీ ఆ గొడవలో రెండు పక్షాలూ పెద్దవాళ్లవే. చేలోకి పరిగెత్తిన పిల్లలకు మూడో పక్షంగా చోటు లేదు. ఆరు దశాబ్దాలు గడిచినా ఆ చోటు ఇంకా ఖాళీగానే ఉంది.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన మన తల్లిదండ్రులు చాలామంది పెన్సిల్వేనియాలో ఆమిష్‌లు ఉండే లాంకాస్టర్ చూసొస్తారు. గుర్రపు బగ్గీలు, కరెంటు తీగలు లేని ఇళ్లు, దండెం మీద ఆరేసిన ఒకే రకం బట్టలు. దాంతో పాటు ఒక మాట కూడా వినొస్తారు: రుమ్‌స్ప్రింగా. పదహారేళ్లు నిండిన పిల్లల్ని కొన్నాళ్లు వాళ్ల ఇష్టానికి వదిలేస్తారని, లోకం చూసొచ్చాక ఉండాలో పోవాలో వాళ్లే తేల్చుకుంటారని. వినడానికి ఎంత బాగుంటుందో! టీవీ వాళ్లు దీన్ని బీరు పార్టీలుగా, జీన్స్ ప్యాంట్లుగా చూపించి బాగా అమ్ముకున్నారు.

అసలు సంగతి ఇంత రంగులమయం కాదు. రుమ్‌స్ప్రింగా అంటే వాళ్లు మాట్లాడే జర్మన్ యాసలో అటూ ఇటూ తిరగడం. ఎక్కువమందికి అది ఆదివారం సాయంత్రాల పాటల కూడికే. పొడవాటి బల్లకు ఒక వైపు అబ్బాయిలు, ఇంకో వైపు అమ్మాయిలు కూర్చుని భక్తి గీతాలు పాడతారు. తర్వాత ఒక అబ్బాయి తన బగ్గీలో ఒక అమ్మాయిని ఇంటి దగ్గర దించుతాడు. తాగుడు, కార్లు, సెల్‌ఫోన్లు లేవని కాదు. కొన్ని కుర్రకారు బృందాల్లో ఉన్నాయి. కానీ పిల్లలు అమ్మానాన్నల ఇంట్లోనే ఉంటారు, మర్నాడు పొద్దున అదే పనికి వెళ్తారు. లోకం చూసి రమ్మని ఎవరూ పంపరు. పెళ్లి సంబంధం కుదుర్చుకునే వయసు అది, అంతే.

మరి ఎంపిక ఎక్కడ జరుగుతోంది? నా ఉద్దేశంలో అంతకు రెండేళ్ల ముందే, ఎనిమిదో తరగతి అయిపోయి బడి తలుపు మూసుకున్న రోజున.

ఈ మాట అనడానికి వాళ్ల చరిత్రే నాకు ఆధారం. 1525లో జ్యూరిక్‌లో కొందరు క్రైస్తవులు పసిబిడ్డకు ఇచ్చే బాప్తిస్మం చెల్లదన్నారు. విశ్వాసం అంటే తెలివి వచ్చిన మనిషి తనకు తానుగా తీసుకునే నిర్ణయమని తేల్చి చెప్పారు. ఆ మాట అన్నందుకు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఫెలిక్స్ మాంజ్ అనే ఆయన్ని 1527లో లిమ్మట్ నదిలో ముంచి చంపారు. ఆ వంశంలోంచే మెన్నొనైట్లు వచ్చారు. మన మహబూబ్‌నగర్, నల్గొండ, షాద్‌నగర్ వైపు ఉన్న మెన్నొనైట్ బ్రదరెన్ సంఘాల మూలం కూడా అక్కడే. కాబట్టి పెద్దయ్యాక తీసుకునే బాప్తిస్మం తెలుగు నేలకు కొత్త కాదు. 1693లో వెలి విషయంలో కఠినంగా ఉండాలని పట్టుబట్టిన యాకోబ్ అమ్మాన్ వెంట నడిచిన వాళ్లే ఆమిష్‌లు.

అంటే సొంత నిర్ణయం కోసం ప్రాణాలిచ్చిన సంప్రదాయం ఇది. ఆ నిర్ణయం తీసుకునే శక్తిని పిల్లలకు ఇస్తోందా అని అడగడం బయటివాళ్ల దబాయింపు అవదు. అది వాళ్ల కొలబద్దే.

ఈ ప్రశ్న 1972లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. విస్కాన్సిన్‌లో పదహారేళ్ల దాకా బడికి పంపాలని చట్టం. ముగ్గురు తండ్రులు పంపలేదు, ఒక్కొక్కరికి 5 డాలర్ల జరిమానా పడింది. కేసు పైదాకా వెళ్లింది, తండ్రులే గెలిచారు. ఇంకో ఒకటి రెండేళ్ల హైస్కూలు చదువు లేకపోయినా పొలం పనిలో, ఇంటి పనిలో ఆ పిల్లలకు కావలసిన శిక్షణ దొరుకుతుందని కోర్టు నమ్మింది. జస్టిస్ డగ్లస్ మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. ముగ్గురు పిల్లల్లో ఒక అమ్మాయి మాత్రమే కోర్టులో తన మాట చెప్పింది, మిగిలిన ఇద్దరినీ ఎవరూ అడగలేదే అన్నాడు. ఒక పిల్లవాడు పియానో వాయించాలనుకోవచ్చు, వ్యోమగామి కావాలనుకోవచ్చు, సముద్రాన్ని శోధించాలనుకోవచ్చు అని రాశాడు. ఆ తీర్పులో నాకు గుర్తుండిపోయిన భాగం ఇదే.

పైగా తీర్పు ఆనుకున్న పొలం ఇప్పుడు జారిపోతోంది. ఒక్కో ఇంట్లో ఆరేడుగురు పిల్లలు, లాంకాస్టర్‌లో భూమి ధర ఆకాశంలో. పెద్ద స్థావరాల్లో సగానికి పైగా కుటుంబాలకు వ్యవసాయం ప్రధాన జీవనం కాదు. ఉత్తర ఇండియానాలో చాలామంది మగవాళ్లు కారవాన్ బండ్లు తయారుచేసే ఫ్యాక్టరీల్లో పనిచేస్తారు. 2008 మాంద్యంలో ఆ ఫ్యాక్టరీలు కుదేలైతే వాళ్ల ఉద్యోగాలూ పోయాయి. ఎనిమిదో తరగతి చాలన్న లెక్క నాగలి రోజుల నాటిది.

ఇక బాప్తిస్మం. ఆ వేసవిలో తొమ్మిది సార్లు కూర్చోబెట్టి మత సూత్రాలు నేర్పుతారు. చివరికి అభ్యర్థి మోకరిల్లితే, సంఘ సేవకుడు బిషప్ దోసిట్లో నీళ్లు పోస్తాడు. అవి తల మీద జారతాయి. అమ్మాయి అయితే ఒక స్త్రీ ఆమె టోపీ తీసి పట్టుకుంటుంది. అంతవరకూ వెళ్లిపోయిన పిల్లకు వెలి లేదు. ఆ నీళ్లు పడ్డాక వెళ్లిపోతే ఉంది. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల వయసులో చేసిన ప్రమాణం జీవితాంతం వెంటాడుతుంది.

ఆ వెలి ఎలా ఉంటుందో తెలిస్తే గుండె బరువెక్కుతుంది. వెళ్లిపోయిన కూతురు అమ్మను చూడటానికి వస్తుంది. తిట్లు ఉండవు. భోజనానికి ఆమెకు వేరే బల్ల వేస్తారు. కొన్ని ఇళ్లలో రెండు బల్లల మధ్య చిన్న సందు వదిలి పైన గుడ్డలు పరుస్తారు. చూస్తే ఒకే బల్లలా ఉంటుంది, ఆ సందు మాత్రం అందరికీ తెలుసు. గిన్నె ఆమె చేతినుంచి నేరుగా అందుకోకూడదు. ఆమె కింద పెడితే అప్పుడు తీసుకోవాలి. ఆ తల్లికి కూతురంటే ప్రేమ లేదనుకోను. పశ్చాత్తాపపడి వస్తే తలుపు తెరిచే ఉంటుంది. కానీ ప్రేమనే తాడుగా పేనితే తెంచుకోవడం ఇంకా కష్టం.

2006 అక్టోబర్ 2న పెన్సిల్వేనియాలోని నికెల్ మైన్స్ ఆమిష్ బడిలో ఒక దుండగుడు కాల్పులు జరిపితే ఐదుగురు ఆడపిల్లలు చనిపోయారు. ఆమిష్‌లు అతని కుటుంబం దగ్గరికి వెళ్లి ఓదార్చారు, అతని అంత్యక్రియలకూ హాజరయ్యారు. ప్రపంచం చేతులెత్తి మొక్కింది, నేనూ మొక్కాను. అయితే ఇదే క్షమాగుణం ఇంట్లో లైంగిక వేధింపులకు గురైన ఆడపిల్ల మీద ఎంత భారంగా పడుతుందో బయటికి వచ్చిన మహిళలు చెబుతున్నారు. తప్పు చేసినవాడు సంఘం ముందు ఒప్పుకుంటాడు, కొన్ని వారాల వెలితో సరి. తర్వాత ఆ విషయం ఎత్తితే క్షమించని తప్పు ఆ పిల్లదే అవుతుంది. ఎనిమిదో తరగతి దాటని ఆ పిల్లకు పోలీసుల దగ్గరికి ఎలా వెళ్లాలో, ఏ మాటల్లో చెప్పాలో ఎవరు నేర్పారు?

ఉండిపోయే పిల్లలే ఎక్కువ. నూటికి 85 మంది దాకా బాప్తిస్మం తీసుకుంటారు, ఇప్పుడు ఆమిష్ జనాభా 4 లక్షలకు చేరింది. అదంతా బలవంతం అనడం అబద్ధం. గాదె కాలిపోతే వందలమంది వచ్చి రోజుల్లో కట్టిపెట్టే సమాజంలో, ముసలివాళ్లు ఒంటరిగా మిగలని ఇళ్లలో ఉండిపోవాలని కోరుకోవడం చాలా సహజం. అందుకే నాకు అనిపిస్తుంది, ఇంకో రెండేళ్ల చదువు ఇస్తే ఈ సమాజం కూలిపోతుందన్న భయం అక్కర్లేనిదని.

బాప్తిస్మానికి ముందు రోజు, శనివారం, పెద్దలు ఆ యువకుల్ని కూర్చోబెట్టి చివరిసారి చెబుతారు: ప్రమాణం చేసి తప్పడం కంటే అసలు చేయకపోవడమే మేలు, వెనక్కి వెళ్లాలంటే ఇప్పుడే వెళ్లండి. ఆ మాట వాళ్లు నిజాయితీగానే అంటారు. ఆ గదిలో ఒక అమ్మాయి నిజంగా లేచి నిలబడితే? హైస్కూలు సర్టిఫికెట్ లేదు. అన్నిటికంటే కఠినమైన వర్గాల్లో కొందరికి జనన ధ్రువపత్రం, సోషల్ సెక్యూరిటీ నంబరు కూడా ఉండవు. బయట తెలిసిన మనిషి లేడు. ఆ పత్రాలు తేలిగ్గా ఇప్పించడం, ఆగిన చదువు అందుకోవడానికి దారి చూపడం రాష్ట్రాలు ఇవాళే చేయొచ్చు. పద్నాలుగేళ్ల పిల్లను పక్కకు కూర్చోబెట్టి నీకేం కావాలమ్మా అని అడగడానికి ఏ బస్సూ అక్కర్లేదు.