ఆడపిల్లలకు ఆసక్తి లేదట

యూనివర్సిటీ పిల్లల్లో మగపిల్లలకు వ్యాయామం మీద శ్రద్ధ ఎక్కువ, ఆడపిల్లలకు అసలు ఆసక్తే లేదు అని ఈమధ్య ఎవరిని కదిలించినా చెబుతున్నారు. లెక్కలూ వాళ్ల వైపే ఉన్నాయి. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం 2022లో మన దేశంలో ఆడవాళ్లలో 57 శాతం, మగవాళ్లలో 42 శాతం మంది చాలినంత ఒళ్లు కదల్చలేదు. ఇంత తీవ్రమైన విషయాన్ని నల్లగొండలో ఎవరో ఒకరు పరిశీలించక తప్పదు. రోజూ పొద్దున నడకకని గ్రౌండ్‌కు పోయి సిమెంటు బెంచీ మీద కూర్చొని వచ్చే నాకంటే అర్హులెవరు?

ముందు శ్రద్ధ గల జాతి సంగతి. మా పక్కింటి పిల్లగాడు జిమ్ములో రెండు గంటలుంటాడు. బరువులెత్తేది పది నిమిషాలు. మిగతా సమయమంతా ఫోన్‌ను నీళ్ల సీసాకు ఆనించి, టీషర్టు చేతులు భుజాల దాకా మడిచి, ఊపిరి బిగబట్టి, ఏ పక్కకు తిరిగితే నరం కనపడుతుందో వెతుకుతాడు. కాళ్ల వ్యాయామం ఉన్న రోజు మాత్రం వాడికి తప్పకుండా చుట్టాలింట్లో ఫంక్షన్ ఉంటుంది. పైన బండరాయి, కింద జొన్న కట్టెలు. ఇంటికొచ్చి ఆరు గుడ్లు ఉడకబెట్టమంటాడు. ఉడకబెట్టేది వాళ్లక్క.

ఆమె మహాత్మాగాంధీ యూనివర్సిటీలో పీజీ చేస్తోంది. వ్యాయామం మీద ఆసక్తి లేదు. నీళ్ల క్యాన్ల అబ్బాయి గేటు దగ్గర దించిపోయే 20 లీటర్ల క్యాన్‌ను నడుము మీద పెట్టుకొని రెండంతస్తులు ఎక్కుతుంది. జిమ్ములో బరువులేమీ తగిలించని పెద్ద రాడ్డు ఒక్కటే 20 కిలోలుంటుంది. తమ్ముడు దాన్ని ఎత్తితే వీధి చివరిదాకా కేక వినపడుతుంది. అక్క క్యాన్ ఎత్తినప్పుడు చెప్పుల చప్పుడు తప్ప ఏమీ వినపడదు. వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదల్చమనే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంటిపనిని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. తమ్ముడు ఒప్పుకోడు. మెట్ల దగ్గర అద్దం లేదు కదా.

జిమ్ములో చేరతానని ఆమె ఒకసారి అన్నది. సంబంధాలు చూస్తున్నారు కాబట్టి, నాలుగు కిలోలు తగ్గితే మంచిదేనని ఇంట్లో వెంటనే ఒప్పుకున్నారు. బరువులు కూడా ఎత్తుతానన్నది. భుజాలు వెడల్పైతే పెళ్లి ఫొటోలో బాగుండదని మేనత్త తేల్చేసింది. పోనీ గ్రౌండ్‌కు పోతానన్నది. పొద్దున్నే అంటే చీకటి, కుక్కలు. సాయంత్రమంటే క్రికెట్ పోరగాళ్లు. మధ్యాహ్నం పోతానంటే ఎవరూ అడ్డు చెప్పలేదు, నల్లగొండ ఎండ తప్ప.

ఇంతలో కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడుతుందని మాట పుట్టింది. 2022 నోటిఫికేషన్ ప్రకారమైతే ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో, మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి. తెల్లారి నాలుగున్నరకే తండ్రి ఆమెను లేపి, స్వయంగా స్కూటీ మీద గ్రౌండ్‌కు తెచ్చాడు. చీకటి అదే, కుక్కలూ అవే. సర్కారు కొలువు వాసన తగిలితే రెండూ ఏమీ అనవని నా పరిశీలనలో తేలింది.

ఆమె చున్నీ నడుముకు బిగించి రెండు చుట్లూ ఆగకుండా కొట్టింది. తమ్ముడు నాలుగు చుట్లు కొట్టాలి. రెండో చుట్టు మలుపులోనే వాడికి నా బెంచీ దొరికింది.

"ఎక్కువ ఉరికితే కండ కరుగుతదంకుల్" అన్నాడు, రొప్పు ఆగాక.

నెలన్నరకు నోటిఫికేషన్ మాట చల్లబడింది. గ్రౌండ్‌లోకి చీకటీ కుక్కలూ తిరిగొచ్చాయి. అమ్మాయి కనపడటం లేదు, ఆసక్తి తగ్గినట్టుంది. పరుగు కోసం అక్కకు కొన్న షూస్ వృథా కావొద్దని తమ్ముడు వేసుకొని జిమ్ముకు పోతున్నాడు. వేళ్ల దగ్గర బాగా బిగుతట. నొప్పి లేదారా అని అడిగాను.

"ఫొటోలో కాళ్లు రావు కదంకుల్" అన్నాడు.