వంగని స్టీలు, నిలవని రేటు

వెనక సామాను తొట్టి ఉండే టెస్లా ఎలక్ట్రిక్ పికప్ ట్రక్కు సైబర్‌ట్రక్‌ను చూసి బీరువాకు చక్రాలు బిగించినట్టుందని ఎవరైనా అంటే నవ్వేసి ఊరుకుంటాం. కానీ ఆ వెటకారంలో అసలు విషయం ఉంది. బీరువాలు చేసే షెడ్డులో ఓసారి నిలబడి చూడండి. రేకును మెషీన్‌లో పెట్టి గీత వెంట మడుస్తారు. అంచు తిన్నగా వస్తుంది, ముఖం చదునుగా ఉంటుంది. మామూలు కారు డోరు అలా తయారు కాదు. మెత్తటి స్టీలును అచ్చులో పెట్టి పెద్ద ప్రెస్సుతో ఒత్తుతారు, ఒంపులన్నీ అక్కడే వస్తాయి. సైబర్‌ట్రక్ స్టెయిన్‌లెస్ స్టీలు ఆ ఒత్తుడికి లొంగదు, ప్రెస్సే విరిగిపోతుందని టెస్లా అధిపతి ఎలాన్ మస్క్ చెప్పుకొచ్చారు. ఇక మిగిలింది మడవడమే. ఆ త్రికోణపు ఆకారం డిజైనర్ పైత్యం అనుకుంటాం గానీ, సగం ఆ లోహం పెట్టిన షరతు.

ఈ బండి అనుకున్నంతగా అమ్ముడుపోకపోవడానికి ఈ ఆకారమే కారణమని తేల్చేయడం తేలిక. నాకు మాత్రం అలా అనిపించదు.

2019 నవంబర్ 21న కాలిఫోర్నియాలోని హాథార్న్‌లో దాన్ని మొదటిసారి చూపించారు. డిజైన్ అధిపతి ఫ్రాంజ్ వాన్ హోల్జ్‌హాసెన్ లోహపు గుండు విసిరితే, పగలదని చెప్పిన అద్దం పగిలింది. రెండోది విసిరితే రెండో అద్దమూ పగిలింది. ఆ పగిలిన అద్దాల ముందే మస్క్ మిగతా ప్రసంగం పూర్తి చేశారు. పరువు పోయిందనుకున్నారంతా. వారం తిరక్కుండానే బుకింగులు రెండున్నర లక్షలని ఆయన ప్రకటించారు! అంటే ఆ వింత రూపం జనాన్ని తరిమేయలేదు, లాక్కొచ్చింది. కాకపోతే బుకింగ్‌కు కట్టాల్సింది 100 డాలర్లే, అదీ అడిగితే తిరిగిచ్చేది. మన దగ్గర ఫంక్షన్ హాలు అడ్వాన్సు కూడా అంత సుఖంగా వెనక్కి రాదు.

ఆ రోజు చెప్పిన రేటు 39,900 డాలర్ల నుంచి మొదలు. రెండు మోటార్ల రకం 49,900. పై రకానికి ఒక్క చార్జింగ్‌తో 500 మైళ్లు. నాలుగేళ్ల తర్వాత, 2023 నవంబర్ 30న ఆస్టిన్‌లో తాళాలు చేతికిచ్చేసరికి రెండు మోటార్ల బండి 79,990 అయింది, పై రకం దాదాపు లక్ష. రేంజ్ 340 మైళ్ల దగ్గర ఆగింది. ఇంకా కావాలంటే వెనక తొట్టిలో పెట్టుకునే అదనపు బ్యాటరీ 16,000 డాలర్లకు ఇస్తామన్నారు, 2025లో అదీ రద్దు చేశారు.

పైగా అమెరికాలో పికప్ అంటే పనిముట్టు. ప్లంబర్ పక్కన నిలబడి, చెయ్యి చాపి తొట్టిలోంచి పానా తీసుకుంటాడు. సైబర్‌ట్రక్ పక్కగోడలు క్యాబిన్ వైపు ఎత్తుగా లేస్తాయి. అక్కడ చెయ్యి చాపితే ఏదీ అందదు, వెనక్కి తిరిగి రావాల్సిందే. నన్నడిగితే ఆకారం నిజంగా దెబ్బకొట్టింది ఇక్కడే, అందచందాల దగ్గర కాదు.

నాణ్యత సంగతి సరేసరి. పెడల్ మీది కవర్ తొడగడానికి వాడిన సబ్బు వల్ల అది జారిపోతోందని 2024లో 3,878 బండ్లు వెనక్కి పిలిచారు. 2025 మార్చిలో జిగురుతో అంటించిన స్టీలు పట్టీ ఊడుతోందని 46 వేలు. 2025కి ఏటా రెండున్నర లక్షల బండ్లు చేయాలన్నది లక్ష్యం. వాహనాల అమ్మకాల లెక్కలు కట్టే కాక్స్ ఆటోమోటివ్ సంస్థ అంచనా ప్రకారం అమెరికాలో 2024లో అమ్ముడైనవి 39 వేలు, మరుసటి ఏడాది 20 వేల చిల్లర. ఆ ఏడాది మస్క్ రాజకీయాల మీద కోపం ఈ బండ్ల మీదికీ మళ్లింది. లోగో చూడకుండానే ఎవరైనా గుర్తుపట్టే ఆకారం మరి.

అయితే ఇంజినీర్ల కష్టాన్ని తీసిపారేయలేం. స్టీరింగ్‌కూ చక్రాలకూ మధ్య కడ్డీ లేదు, అంతా వైర్ల మీదే నడుస్తుంది. మామూలు కార్ల 12 వోల్టుల చోట 48 వోల్టులు పెట్టారు, దాంతో వైర్లు సన్నబడ్డాయి.

ఆకారానిదే తప్పయితే ఫోర్డ్ ఎలక్ట్రిక్ పికప్ ఎఫ్-150 లైట్నింగ్ నిలబడాలి. అది అచ్చం పాత పికప్‌లాగే ఉంటుంది. అదీ 40 వేల లోపు రేటు చెప్పి పైకి ఎగబాకిందే. 2025 డిసెంబర్‌లో పూర్తి ఎలక్ట్రిక్ లైట్నింగ్‌ను ఆపేస్తున్నట్టు ఫోర్డ్ ప్రకటించింది. ట్రైలర్ తగిలిస్తే బ్యాటరీ గబగబా దిగిపోతుంది. దిగకుండా ఉండాలంటే పెద్ద బ్యాటరీ కావాలి, అప్పుడు రేటూ బరువూ పెరుగుతాయి. ఈ చిక్కు ఇద్దరిదీ.

ఇప్పుడు అమెజాన్ స్థాపకుడు జెఫ్ బెజోస్ పెట్టుబడి ఉన్న స్లేట్ అనే చిన్న ఎలక్ట్రిక్ పికప్ వంతు. దానికి రంగు వేయరు, అద్దాలు చేత్తో తిప్పుకోవాలి, బాడీ ప్లాస్టిక్ పలకలు. ఇక్కడా ప్రెస్సుల ఖర్చు తప్పించుకోవడానికే ఆ రూపం. 2025 ఏప్రిల్‌లో చూపించినప్పుడు ప్రభుత్వ రాయితీ పోను 20 వేల డాలర్ల లోపే అన్నారు. ఆ సెప్టెంబర్‌తో రాయితీ పోయింది, మాట పాతిక వేల చుట్టూ తిరుగుతోంది. బుకింగ్‌కు 50 డాలర్లు. అదీ అడిగితే తిరిగిచ్చేదే.