మైనర్ అప్‌డేట్: ఇప్పుడు వేద్దామా, ఆగుదామా?

హైదరాబాద్‌లో ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ నడిపే టీమ్ మాది. ప్రొడక్షన్ సర్వర్ (ఆసుపత్రులు నిజంగా వాడేది) మీద ఏ పని చేయాలన్నా ముందు ఒకరు చేద్దామని, ఒకరు వద్దని అందరి ముందూ వాదించాలి. 2025 జూన్‌లో మా ముందున్న ప్రశ్న ఇది. ఒక ఆసుపత్రి రికార్డులన్నీ ఉన్న పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్ సాఫ్ట్‌వేర్) సర్వర్ ఇంకా 14.2 వెర్షన్ దగ్గరే ఉంది. మే 8న 14.18 వచ్చింది. వేద్దామన్నది మా డీబీఏ, అంటే డేటాబేస్‌ని చూసుకునే ఆమె. ఆగుదామన్నది సపోర్ట్ మేనేజర్. ఆయన ఏళ్ల తరబడి అర్ధరాత్రి ఫోన్లు ఎత్తిన మనిషి, మేమంతా అన్నా అంటాం. ఆ రోజు రాసుకున్న నోట్సు నుంచి ఇది.

డీబీఏ: ముందు ఒక్క విషయం అన్నా. 14 నుంచి 17కి వెళ్దామని నేను అడగట్లేదు. అది ఇల్లు మారడం. 14.2 నుంచి 14.18కి వెళ్దామంటున్నాను. అదే ఇంట్లో కారుతున్న కుళాయికి వాషర్ మార్చడం లాంటిది. మైనర్ రిలీజ్‌లో లోపాల సవరణలే ఉంటాయి. డిస్క్ మీద డేటా ఉండే తీరు మారదు. డేటా అంతా బయటికి తీసి (డంప్) మళ్లీ ఎక్కించే పని లేదు. సర్వర్ ఆపాలి, ప్రోగ్రామ్ ఫైళ్లు మార్చాలి, లేపాలి.

మేనేజర్: 'ఆపాలి' అని ఎంత తేలిగ్గా అన్నావమ్మా! రాత్రి రెండింటికి ఎమర్జెన్సీలో నర్సు బ్లడ్ గ్రూపు కోసం స్క్రీన్ తెరిస్తే, అది తిరుగుతూనే ఉంటుంది. నీకు అది డౌన్‌టైమ్. ఆమెకు ఎదురుగా మనిషి ఉన్నాడు.

డీబీఏ: అందుకే స్టాండ్‌బై, అంటే అదే డేటాతో సిద్ధంగా ఉండే రెండో సర్వర్, పెట్టుకున్నాం కదా. ముందు దానికి వేస్తాం. ప్రైమరీతో (ఇప్పుడు పని చేస్తున్న సర్వర్‌తో) సరిగ్గా నడుస్తోందని చూశాక రెండింటి పాత్రలూ మారుస్తాం. మార్చే ముందు చెక్‌పాయింట్ ఇచ్చి (మెమరీలో ఉన్న మార్పులను డిస్క్ మీదికి రాయించి), కనెక్షన్లను మధ్యలో పట్టుకునే పీజీబౌన్సర్‌లో పాజ్ పెడితే కొత్తగా వచ్చే క్వెరీలు తెగిపోవు, క్యూలో నిలబడతాయి. టెస్ట్ సర్వర్లో మూడుసార్లు చేశాను. ఒక్కసారి కూడా నిమిషం దాటలేదు.

మేనేజర్: టెస్ట్ సర్వర్లో పేషెంట్లు ఉండరు తల్లీ. సరే, ఆపడం సంగతి వదిలేద్దాం. లేపాక ఏమవుతుందో చెప్పు. 2024 నవంబర్ 14న 17.1, 16.5, మన వరుసలో 14.14 వచ్చాయి. అవీ నువ్వు చెప్పే వాషర్లే. కానీ సర్వర్ లోపల రిజల్ట్‌రెల్‌ఇన్ఫో అనే స్ట్రక్చర్ సైజు పెరిగింది. పాత సైజు లెక్కతో కంపైల్ అయిన ఎక్స్‌టెన్షన్లకు (పోస్ట్‌గ్రెస్‌కి తగిలించుకునే అదనపు ప్రోగ్రామ్‌లకు) అది తెలియదు. సమయంతో పాటు వచ్చే రీడింగులను దాచే ఎక్స్‌టెన్షన్ టైమ్‌స్కేల్‌డీబీ వాళ్లే ఆ వెర్షన్లకు వెళ్లొద్దని తమ యూజర్లకు చెప్పాల్సి వచ్చింది. మన ఐసీయూ మానిటర్ల రీడింగులు దిగేది ఎక్కడికి? టైమ్‌స్కేల్ టేబుల్‌లోకే కదా? ఇంకోటి కూడా ఉంది. యూజర్ లాగిన్ కాగానే ఏ రోల్‌తో (ఏ అనుమతులతో) పని చేయాలో చెప్పే, ఆల్టర్ రోల్‌తో పెట్టుకున్న సెట్ రోల్ సెట్టింగ్ ఆ రిలీజ్‌లో పని చేయడం మానేసింది. వారానికే, నవంబర్ 21న, మళ్లీ రిలీజ్ ఇచ్చారు. ఆ మొదటి రాత్రే నువ్వు వేసి ఉంటే?

(ఈ మాట దగ్గర నేను మేనేజర్ వైపే ఉన్నాను. చిన్న అప్‌డేట్ కాబట్టి ఏమీ కాదు అనడం వాదన కాదు, ధైర్యం చెప్పుకోవడం.)

డీబీఏ: ఒప్పుకుంటాను. మొదటి రాత్రి వేసి ఉంటే దెబ్బ తినేవాళ్లం. కానీ వారంలో సరిదిద్దారు కూడా. 12వ వెర్షన్‌కి ఆ నవంబర్‌తో గడువు అయిపోయినా, దానికీ 12.22 ఇచ్చారు. నేను మొదటి రాత్రి వేద్దామనట్లేదన్నా. 14.18 వచ్చి నెల దాటింది. ఈ నెలలో ఏం గొడవలు వచ్చాయో రోజూ చూస్తున్నాను. టైమ్‌స్కేల్‌ని మన కాపీ మీద పెట్టి పరీక్షించాను. వారం ఆగుదామంటే మీ మాట వింటాను, నెల అన్నా వింటాను. మనం ఆగింది మూడేళ్లు. 14.2 వచ్చింది 2022 ఫిబ్రవరిలో. ఆ తర్వాత 14.18 దాకా పదహారు రిలీజులు. ఇదిగో చేంజ్ షీట్. పదహారు వరుసలు. తేదీ ఉండాల్సిన గడిలో అన్నిటికీ 'తర్వాత' అనే ఉంది.

మేనేజర్: ఆ సంతకాలు నావే. దాచను. ఈ మూడేళ్లలో ఈ సర్వర్ ఒక్కరోజు పడిపోయిందా? లేదు.

డీబీఏ: 2003 జనవరి 24 వరకు చాలామంది ఇదే మాట అన్నారు. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2000 అనే డేటాబేస్‌లో లోపానికి మైక్రోసాఫ్ట్ 2002 జులైలో ప్యాచ్ ఇచ్చింది. ఆరు నెలలు ఏమీ కాలేదు. జనవరి 25న స్లామర్ అనే వార్మ్ (తనంతట తానే పాకే వైరస్) వచ్చింది. మొత్తం 376 బైట్లు, ఒక్క ప్యాకెట్. పది నిమిషాల్లో, లోపం ఉన్న సర్వర్లలో తొంభై శాతానికి పైగా పట్టేసింది. దక్షిణ కొరియాలో ఇంటర్నెట్ కూలబడింది. అమెరికాలో ఏటీఎంలు డబ్బివ్వలేదు. ప్యాచ్ ఇచ్చిన మైక్రోసాఫ్ట్ సొంత నెట్‌వర్క్‌లోనే ప్యాచ్ వేయని మెషీన్లు దొరికాయి. ఆ పది నిమిషాల్లో ఎవరు ఏ మీటింగ్ పెట్టుకుని ఏం నిర్ణయించగలరు?

మేనేజర్: అది 1434 పోర్టును (స్లామర్ చొరబడిన నెట్‌వర్క్ ద్వారాన్ని) బయటి ప్రపంచానికి తెరిచి పెట్టుకున్న వాళ్ల కథ. మన సర్వర్ లోపలి నెట్‌వర్క్‌లో ఉంది.

డీబీఏ: ఆ లోపల ఎవరెవరున్నారో ఎప్పుడైనా చూశారా? ల్యాబ్‌లో ఎనలైజర్ పక్కన పాత విండోస్ మెషీన్. ఫార్మసీ. బిల్లింగ్ కౌంటర్లు. 2013 ఏప్రిల్‌లో పోస్ట్‌గ్రెస్‌లోనే ఒక లోపం బయటపడింది. డేటాబేస్ పేరు అడ్డగీతతో మొదలయ్యేలా కనెక్షన్ అడిగితే చాలు, లాగిన్ కాకుండానే సర్వర్ ఫైళ్లను పాడు చేయొచ్చు. పోర్టు అందితే చాలు, పాస్‌వర్డ్ అక్కర్లేదు. అది ఎంత పెద్ద విషయమంటే, ముందుగానే ప్రకటన ఇచ్చి, రిలీజ్ అయ్యేదాకా సోర్స్ కోడ్ మార్పులు బయటికి కనపడకుండా ఆపేశారు. అంత దూరం వద్దు, మొన్న ఫిబ్రవరి సంగతి చూడండి. బియాండ్‌ట్రస్ట్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ మీద జరిగిన దాడిని పరిశోధిస్తుంటే, రాపిడ్7 అనే సెక్యూరిటీ సంస్థ వాళ్లకు పోస్ట్‌గ్రెస్ కమాండ్ టూల్ పీఎస్‌క్యూఎల్‌లో ఇంజెక్షన్ లోపం (డేటా ముసుగులో ఆదేశాలు దూర్చే వీలు) దొరికింది. 13న సవరణ వచ్చింది.

మేనేజర్: 20న ఆ సవరణకు సవరణ వచ్చింది! అది కూడా చెప్పు. 14.16 వేసిన వాళ్లు వారానికే మళ్లీ 14.17 వేసుకోవాల్సి వచ్చింది. నాలుగు నెలల్లో రెండుసార్లు ఇలాగే అయింది. నేను భయపడితే తప్పేముంది?

డీబీఏ: తప్పు లేదన్నా. ఆ భయం ఒక తేదీ దగ్గర ఆగాలి, అంతే.

మేనేజర్: నా భయం ఎక్కడిదో చెప్తాను విను. 2020లో వేరే చోట పని చేసేవాణ్ని. డేటాబేస్‌ను ముట్టుకోలేదు, కింద ఓఎస్ మాత్రమే మార్చాం. అదీ చిన్న పనే అన్నారు. కొత్త ఓఎస్‌తో పాటు లైనక్స్ మూల లైబ్రరీ జీలిబ్‌సీ 2.28 వచ్చింది. అందులో అక్షరాలను వరుసలో పెట్టే క్రమం మారిపోయింది. టెక్స్ట్ ఇండెక్సులన్నీ (త్వరగా వెతకడానికి కట్టుకునే సూచికలు) పాత క్రమంలో కట్టినవి. వెతికేది కొత్త క్రమంలో. ఎర్రర్ లేదు, అలర్ట్ లేదు. ఉన్న కస్టమర్‌ని లేడని చూపించింది. లేడనుకుని కౌంటర్లో మళ్లీ ఎంట్రీ చేశారు. ఒకే ఎంట్రీ రెండుసార్లు రాకుండా చూసే యూనిక్ ఇండెక్స్ ఆపాలి కదా? దానికీ పాతది కనపడలేదు, రానిచ్చేసింది. మూడు వారాల తర్వాత తెలిసింది. ఒక్కొక్క జంటనీ చేత్తో విడదీశాం. తప్పు లైబ్రరీది అనను. మార్చాక రీఇండెక్స్ చేయాలని, అంటే ఇండెక్సులు మళ్లీ కట్టాలని, మేం చదువుకోలేదు. కానీ ఆ మూడు వారాలూ అన్నీ బాగున్నాయనే నేను రిపోర్టులు పంపాను. నా సంతకంతో.

(గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. డీబీఏ వెంటనే జవాబివ్వలేదు. ల్యాప్‌టాప్‌లో ఏదో తెరిచి ఆయన వైపు తిప్పింది.)

డీబీఏ: ఇండెక్స్ మాట మీరే ఎత్తారు కాబట్టి ఇది చూడండన్నా. నేను చివరికి దాచుకున్నది ఇదే. 14.0 నుంచి 14.3 దాకా ఒక లోపం ఉంది. ఇండెక్స్‌ని కంకరెంట్లీ కడితే, అంటే టేబుల్‌లో రాతలు ఆపకుండా కడితే, కొన్ని వరుసలు ఆ ఇండెక్స్‌లోకి ఎక్కకపోవచ్చు. మామూలుగా ఇండెక్స్ కడుతున్నంతసేపూ ఆ పనికి అవసరమైన పాత వరుసలను ఎవరూ తుడిచేయకూడదు. 14లో వాక్యూమ్ (పనికిరాని పాత వరుసలను తుడిచే పని) బాగా పని చేయాలని తెచ్చిన ఒక మార్పు ఆ కాపలాను తీసేసింది. 2022 జూన్ 16న, మామూలు షెడ్యూల్‌కి బయట, దీని కోసమే 14.4 ఇచ్చారు. మనం వేయలేదు.

మేనేజర్: మనం కంకరెంట్లీ వాడామా?

డీబీఏ: 2023 మార్చిలో. పేషెంట్ టేబుల్ మీద. స్లో అవుతోందని కంప్లయింట్ వస్తే, సర్వర్ ఆపకుండా చేద్దామని రీఇండెక్స్ కంకరెంట్లీ నడిపాం. 14.2 మీద.

మేనేజర్: అంటే పేషెంట్ టేబుల్‌లో ఉంటాడు, వెతికితే లేడని రావచ్చు.

డీబీఏ: రావచ్చు. వచ్చిందో లేదో నాకు తెలియదు. అదే నాకు నిద్ర పట్టనివ్వట్లేదు.

మేనేజర్: రిసెప్షన్లో కొత్త ఫైల్ తెరుస్తారు. పెన్సిలిన్ పడదని రాసింది పాత ఫైల్లో ఉండిపోతుంది. (కొంచెం ఆగి) సరే. ఇప్పుడు 14.18 వేస్తే ఆ ఇండెక్స్ బాగవుతుందా?

డీబీఏ: కాదు. కొత్తగా పాడవకుండా ఆపుతుంది. ఇప్పటికే పాడైతే అలాగే ఉంటుంది.

మేనేజర్: మరి ఇందాకటి నుంచి అప్‌డేట్, అప్‌డేట్ అంటున్నావే? వెర్షన్ నంబర్ మారగానే అందరూ హమ్మయ్య అనుకుంటారు. జబ్బు లోపల అలాగే ఉంటుంది. ముందు ఉందో లేదో చూడు, తర్వాత వేద్దాం.

డీబీఏ: చూడటానికి పీజీ_ఆమ్‌చెక్ ఉంది. హీప్ఆల్‌ఇండెక్స్‌డ్ ఆప్షన్ పెడితే, టేబుల్‌లో ఉన్న ప్రతి వరుసా ఇండెక్స్‌లో ఉందా అని సరిచూస్తుంది. కానీ జబ్బు ఉందని తేలితే ఏం చేస్తాం? 14.2 మీద మళ్లీ కంకరెంట్లీ రీఇండెక్స్ నడిపితే అదే ప్రమాదం. మామూలు రీఇండెక్స్ నడిపితే అయ్యేదాకా టేబుల్‌లో రాతలు ఆగిపోతాయి. మీరు వద్దన్న డౌన్‌టైమ్ కంటే అది పెద్దది. ఎటు తిప్పినా రీఇండెక్స్‌కి ముందు అప్‌డేట్ తప్పదన్నా. 2022లో గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాం.

మేనేజర్: ఆ చెక్ లైవ్ మీద నడిపితే డిస్క్ మీద లోడ్ పడుతుంది. బ్యాకప్‌ని పక్కన రీస్టోర్ చేసి దాని మీద నడుపు.

డీబీఏ: అదే అనుకున్నాను. అయితే రోజూ రాత్రి తీసే పీజీ_డంప్ పనికిరాదు. దాన్ని ఎక్కిస్తే ఇండెక్సులు కొత్తగా కడుతుంది, జబ్బు ఉన్నా కనపడదు. ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టు తెచ్చే బేస్‌బ్యాకప్ కావాలి.

మేనేజర్: బేస్‌బ్యాకప్ ప్రతి ఆదివారం తీస్తున్నాం కదా. చివరిసారి దాన్ని రీస్టోర్ చేసి, సర్వర్ లేచిందని చూసింది ఎప్పుడు?

డీబీఏ: ...

మేనేజర్: అడుగుతున్నానమ్మా.

డీబీఏ: నేను చేరాక చూడలేదన్నా. బ్యాకప్ సక్సెస్ అని మెయిల్ వస్తుంది. అదే చూస్తున్నాను.

మేనేజర్: నేను మూడేళ్లు 'తర్వాత' అని రాశాను. నువ్వు మెయిల్ చూసి ఊరుకున్నావు. ఇద్దరం ఒకే పని చేశాం.

(వాదన నిజానికి ఇక్కడే అయిపోయిందని నాకనిపించింది. మేం ఓటు అడగలేదు. ఆ తర్వాత వాళ్లు మాట్లాడుకున్నది పని గురించి.)

డీబీఏ: నాకు మూడు రోజులివ్వండి. బేస్‌బ్యాకప్ రీస్టోర్ చేస్తాను. దాని మీద చెక్ నడుపుతాను. ఆ కాపీకే 14.18 వేసి, కంకరెంట్లీ రీఇండెక్స్ చేసి, మళ్లీ చెక్ చేస్తాను. ఎంతసేపు పట్టిందో రాసి ఇస్తాను.

మేనేజర్: ఐసీయూ రీడింగుల టేబుల్‌లోకి ఆ కాపీ మీదే రాతలు కూడా పెట్టు. చదవడం ఒక్కటే చూస్తే చాలదు, నవంబర్‌లో ఎక్స్‌టెన్షన్లకు వచ్చిన గొడవ గుర్తుంది కదా. రోల్ సెట్టింగులు ఒక్కొక్క యూజర్‌తో లాగిన్ అయి చూడు. పాత ప్రోగ్రామ్ ఫైళ్లు తీసేయకు, వెనక్కి రావాల్సి వస్తే కావాలి.

డీబీఏ: అలాగే. ఒకవేళ చెక్‌లో జబ్బు బయటపడితే?

మేనేజర్: ఆ సాయంత్రమే ఆసుపత్రి వాళ్లకు చెప్తాం. రెండు ఫైళ్లున్న పేషెంట్లు ఎవరో వెతకాలి. అది వాళ్ల డాక్టర్లు లేకుండా మనం చేయగలిగేది కాదు. ఫోన్ నేను చేస్తాను.

డీబీఏ: మరి ప్రొడక్షన్?

మేనేజర్: ఆదివారం తెల్లవారుజామున మూడింటికి. ఓపీ ఉండదు, ఆపరేషన్ల లిస్టు ఉండదు. రాత్రి పన్నెండింటికే నేను ఎమర్జెన్సీలో ఉంటాను. అప్పటికి వార్డులో ఉన్నవాళ్ల బ్లడ్ గ్రూపులు, అలర్జీలు ప్రింట్ తీసి నర్సింగ్ స్టేషన్లో పెడతాను. నువ్వు పాజ్ పెట్టే ముందు నాకు ఫోన్ చెయ్యి. నేను సరే అన్నాకే పెట్టు. కానీ బుధవారం సాయంత్రానికి లేచిన కాపీని నా కళ్లకు చూపించాలి. చూపించకపోతే ఆదివారం లేదు.

డీబీఏ: చూపిస్తాను. కాపీ అవడానికే రాత్రంతా పడుతుంది, ఇప్పుడే మొదలుపెడతాను.

ఆమె లేచి వెళ్లింది. అన్న చేంజ్ షీట్ దగ్గరికి లాక్కుని, పదహారో వరుసలో 'తర్వాత' అన్న మాట కొట్టేసి, పక్కన జూన్ 22 అని రాసి సంతకం పెట్టాడు.