బొంతలు కుట్టే లాంగార్మ్ మిషనుకు వేలాడుతున్న జిప్పు గారికి

పర్లాకిమిడి,
గజపతి జిల్లా, ఒడిశా.

మహారాజశ్రీ జిప్పు గారి సముఖానికి,

మీరు క్షేమమని తలుస్తాను. పళ్ళన్నీ పదిలమే కదా. మీరు మా ఇంట్లో మూడు జతలుగా వచ్చి ఆరు ముక్కలుగా విడిపోయి ఉన్నారు కనుక ఈ ఉత్తరం ఏ ముక్కకు అందుతుందో తెలియదు. ఎవరికి అందినా రెండో సగానికి చదివి వినిపించవలసిందిగా ప్రార్థన. మీ పళ్ళను కలుపుతూ పరుగెత్తే రన్నరు కోసం మాత్రం ఆగకండి. ఆయన నిన్న సాయంత్రం నుంచి కనబడటం లేదు.

ఇక ఈ మీరు, గారు అనడం ఇక్కడితో ఆపేస్తున్నాను. మూడేళ్ళుగా నీ పళ్ళ మధ్య వేళ్ళు నలిగిన మనిషికి ఆ మాత్రం చనువు ఉంటుంది.

నువ్వు రాకముందు మా ఇంట్లో బొంత ఎలా తయారయ్యేదో నీకు తెలియదు. మా అత్తగారు పాత చీరలు, పంచెలు పొరలు పొరలుగా నేల మీద పరిచేవారు. నాలుగు మూలలా నాలుగు ఇటుకలు. మధ్యాహ్నం భోజనాలయ్యాక సూది పట్టుకుని కూర్చుంటే మళ్ళీ దీపాల వేళకు లేచేవారు. మా ఒడియా ఇరుగుపొరుగు దాన్నే కంథా అంటారు. ఆవిడ బొంతను దేని మీదా ఎక్కించే పని లేదు, దించే పని లేదు. ఆవిడే బొంత ఎక్కి కూర్చునేవారు.

తర్వాత విశాఖలో ఎవరో ఎగుమతి వ్యాపారం మూసేస్తూ అమ్మిన పాత లాంగార్మ్ మిషను లారీలో మా ఇంటికి దిగింది. దాని చట్రం పన్నెండు అడుగులు. హాల్లోని దివాను వరండాలోకి వెళ్ళింది, భోజనాల బల్ల మేడ మీదికి వెళ్ళింది, చుట్టాలు రావడం తగ్గింది. మామూలు కుట్టుమిషను కదలకుండా ఉంటే మనం గుడ్డను తోస్తాం. ఇక్కడ గుడ్డ చట్రం మీద బిగిసి కూర్చుంటుంది, మిషనే పట్టాల మీద అటూ ఇటూ పరుగెడుతుంది. అడుగున అస్తరు, మధ్యలో దూది పొర, పైన ముక్కలు అతికిన గుడ్డ. ఈ మూడింటినీ ముడత లేకుండా రోలర్లకు చుట్టడమే అసలు పని, కుట్టడం ఆ తర్వాతి మాట.

రోలర్లకు గుడ్డను తిన్నగా తగిలించడం కుదరదు. ప్రతి రోలరుకూ శాశ్వతంగా ఒక కన్వాసు గుడ్డ వేలాడుతూ ఉంటుంది. దాని పేరు లీడరు. ఉన్నచోటు వదలకుండా, ఒక్క కుట్టు కూడా వేయించుకోకుండా, వచ్చినవాళ్ళందరినీ తన వైపు లాక్కోవడమే దాని ఉద్యోగం. పేరు పెట్టినవాళ్ళు ఆలోచించే పెట్టారు.

ఆ లీడరుకు అస్తరును మొదట గుండుసూదులతో గుచ్చేదాన్ని. అటు మూల నుంచి ఇటు మూల దాకా రెండేసి అంగుళాలకు ఒక సూది, నడుం వంచి, చట్రం కింద నుంచి చెయ్యి దూర్చి. బొంత పూర్తయ్యేసరికి నా మోచేతుల మీద రక్తపు చుక్కలు ముగ్గుల్లా ఉండేవి. అప్పుడే మా అమ్మాయి నీ పేరు ఎత్తింది. అమెరికాలో ఈ మిషన్ల మీద పనిచేసేవాళ్ళు చాలామంది గుండుసూదులు మానేసి జిప్పులు వాడుతున్నారట. ఒక సగాన్ని లీడరుకు ఒకసారి కుట్టేస్తే చాలు, అది ఎప్పటికీ అక్కడే. రెండో సగాన్ని బల్ల దగ్గర హాయిగా కూర్చుని బొంత అంచుకు పొడవాటి కచ్చా కుట్లతో కుట్టుకోవచ్చు. తర్వాత రెండు సగాలనూ కలిపి సర్రున లాగితే బొంత ఎక్కినట్టే. "గంతకు తగ్గ బొంత అంటారు కదమ్మా, ఇది బొంతకు తగ్గ జిప్పు" అంది. సామెత చెప్పి నిన్ను అంటగట్టింది.

నిన్ను కొనడానికి బరంపురం వెళ్ళాను. దుకాణంలో జిప్పు అంటే వాళ్ళకు చెవికి ఎక్కలేదు, చైను అన్నాక తాను తీశారు. నంబరు అయిదా, పదా అన్నారు. అదేదో మార్కుల లెక్క అనుకున్నాను. మూసినప్పుడు పళ్ళ వరుస సుమారు ఎన్ని మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుందో చెప్పే అంకె అది. పెద్దదే మంచిదని పది తెచ్చాను. గజాల లెక్కన నువ్వు, డజను లెక్కన నీ రన్నర్లు. ఇంత పెద్ద శరీరాన్ని ఒకచోట, దాన్ని నడిపేవాణ్ణి ఇంకోచోట విడివిడిగా అమ్మడం చూసినప్పుడే నాకు అనుమానం రావలసింది.

మొదటి రాత్రి నీ ప్రతాపం చూపించావు. అస్తరుకు పై వైపు, కింది వైపు రెండు సగాలూ కుట్టి, దారం తెంపి, ఒళ్ళు విరుచుకుని చట్రం దగ్గరకు వెళితే రన్నరు ఎక్కదు. నూనె రాశాను. కొవ్వొత్తి రుద్దాను. పదకొండున్నరకు అత్తగారు లేచి వచ్చి, లైటు కింద రెండు అంచులూ పట్టుకుని చూసి, "ఒకటి వెల్లకిలా పడుకుంది, ఇంకొకటి బోర్లా పడుకుంది, ఇక సంసారం ఎలా చేస్తాయి" అన్నారు. తొమ్మిది అడుగుల కుట్టు విప్పాను. నీ ఎడమ సగం ఎప్పుడూ లీడరుకే, కుడి సగం ఎప్పుడూ బొంతకే, ముఖం ఎప్పుడూ పైకే అని గోడ మీద పెన్సిలుతో రాసుకున్నాను. ఆ రాత ఇంకా ఉంది. వచ్చినవాళ్ళు చదివి ఏదో వాస్తు అనుకుంటారు.

రెండో గుణం. అంచు చివర నాలుగు కుట్లు అడ్డంగా వేసి నీ దారి మూయకపోతే రన్నరు లాగిన ఊపుకు చివరి దాకా వెళ్ళి, అక్కడ ఆగక, గాలిలోకి దూకుతాడు. తాళం వేసితిని, గొళ్ళెం మరచితిని అన్నట్టు నాకు ఇది ఇప్పటికి చాలాసార్లు జరిగింది. వాణ్ణి మళ్ళీ ఎక్కించడానికి వంటింట్లోంచి ఫోర్కు తేవాలి. ఫోర్కు ముళ్ళను నిలబెట్టి, మధ్య ముల్లుకు రన్నరును తొడిగి, రెండు కొసలనూ సమానంగా దాని నోట్లోకి తొయ్యాలి. మా ఇంట్లో ఒకే ఫోర్కు ఉంది. అదిప్పుడు కుట్టు డబ్బాలో ఉంటుంది. మా మనవడు సేమ్యా చేత్తో తింటున్నాడు.

మూడోది కనబడని దొంగతనం. నువ్వు సాగవు, గుడ్డ సాగుతుంది. కుట్టేటప్పుడు చెయ్యి కాస్త బిగించి లాగితే అస్తరు అంచు అలలు అలలుగా వస్తుంది, బొంత రోలరుకు చుట్టుకునేటప్పుడు ఒక పక్క లావెక్కుతుంది. కుట్టే ముందు అస్తరును సగానికి మడిచి నడిమి గుర్తు పెట్టి, లీడరు నడిమి గుర్తుకు అది సరిపోవాలని జాగ్రత్తపడతాను. ఆఖరున నువ్వు ఒక అంగుళం పక్కకు జరిగి కూర్చుంటావు. అస్తరు నాలుగు వైపులా నాలుగేసి అంగుళాలు పెద్దదిగా ఉంచమనేది అందుకు కూడానేమో, నీ తప్పులకు జాగా.

మూడు నిమిషాల్లో బొంత ఎక్కిందని మా అమ్మాయి ఫోనులో వీడియో తీసింది. ఆ వీడియోలో అంతకు ముందు నీ సగాలు కుట్టిన నలభై నిమిషాలు లేవు. పని అయ్యాక ఆ కుట్లు విప్పిన పావుగంట కూడా లేదు. నేను గడియారం పెట్టి చూశాను. గుండుసూదులకు ముప్పై అయిదు నిమిషాలు పట్టేది. నువ్వు నాకు మిగిల్చింది నడుం నొప్పి మాత్రమే. అదయినా తక్కువ మేలు కాదు, ఒప్పుకుంటున్నాను. నాకిప్పుడు రక్తం కూడా రావడం లేదు.

నీ జాతకం నేను చూశానులే. 1893లో విట్‌కోమ్ జడ్సన్ అనే ఆయన బూట్ల లేసులకు బదులుగా ఒక కొక్కేల వరుసకు పేటెంటు తీసుకుని షికాగో సంతలో చూపించాడు. ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే అది ఉన్నట్టుండి విడిపోయేది. 1913లో గిడియన్ సండ్‌బ్యాక్ దాన్ని బాగుచేసి నీకు ఈ పళ్ళ రూపం ఇచ్చాడు. జిప్పర్ అనే పేరు 1923లో ఒక రబ్బరు బూట్ల కంపెనీ పెట్టింది. సండ్‌బ్యాక్ నీ పళ్ళు సరిచేస్తున్న రోజుల్లోనే మా ఊళ్ళో గిడుగు రామమూర్తి గారు మనుషులు మాట్లాడే తెలుగులోనే రాయాలని పోరాడుతున్నారు. ఆయన ఓడిపోయి ఉంటే ఈపాటికి గ్రాంథికంలో నిన్ను దంతపంక్తిసంధాయిని అని పిలుస్తుండేదాన్ని, తిట్టాలన్నా ఊపిరి చాలేది కాదు. ఆయన పుణ్యమా అని జిప్పు అంటున్నాను, మా దర్జీ చైను అంటున్నాడు.

రెండు సగాల సంగతి మాకు కొత్త కాదు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీని కూడా రెండుగా కత్తిరించారు. ఊరు ఇటు వచ్చింది, కొంత భూమి అటు మద్రాసు వైపు ఉండిపోయింది. పక్కనే ఉన్న పాతపట్నం ఇప్పుడు వేరే రాష్ట్రం. కత్తిరించినవాళ్ళు రన్నరు ఇవ్వడం మరచిపోయారు కనుక మేమే రోజూ బస్సుల్లో, రైల్లో అటూ ఇటూ తిరిగి మూసుకుంటూ ఉంటాం. ఇది నీ మీద ఫిర్యాదు కాదు, ఏదో గుర్తొచ్చి రాశాను.

అసలు ఫిర్యాదు ఇది. నిన్ను అమ్మినవాళ్ళు, నిన్ను పొగిడిన మా అమ్మాయి, అందరూ చెప్పిన గొప్ప గుణం ఒకటుంది: సగంలో ఉన్న బొంతను దించేసి, అత్యవసరమైనది ఎక్కించి, తర్వాత మళ్ళీ పాతదాన్ని ఎక్కించుకోవచ్చు. నిజమే. కుట్టిన మేర రోలరు నుంచి విప్పి, ఆగిన చోట మూడు పొరలూ జారకుండా అడ్డంగా కచ్చా కుట్లు వేసి, సర్రున లాగితే దిగిపోతుంది. గుండుసూదుల రోజుల్లో ఆ ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. నూరు సూదులు మళ్ళీ గుచ్చాలన్న భయానికి ఎక్కిన బొంత పూర్తయితే గానీ దిగేది కాదు. అత్యవసరం వచ్చిన మనిషి వరండాలో కూర్చునేవాడు, కాఫీ తాగేవాడు, రెండు రోజులు ఆగేవాడు. ఆ లోపల అతని అత్యవసరం సగం తీరిపోయేది.

ఇప్పుడు ఎవరు గుమ్మం ఎక్కినా నాది ఒకటే మాట: "దానిదేముంది, దించేస్తాను."

మా హాలు గోడకు నాలుగు కొక్కేలు కొట్టించాను. మొదటి దానికి పాతపట్నం వాళ్ళ బారసాల బొంత వేలాడుతోంది. ఆ బిడ్డ మొన్న మా వరండాలో తప్పటడుగులు వేస్తూ వచ్చి దాన్ని పట్టుకుని లాగింది. రెండో దానికి బరంపురం పట్టుచీరల ముక్కలతో ఒక పెళ్ళి బొంత. దంపతులు రెండో పండక్కి కూడా వచ్చి వెళ్ళారు. మూడో దాని యజమాని ఎవరో నాకూ గుర్తు లేదు, చీటీ ఊడిపోయింది. ఒక్కో బొంతకూ నీ మూడేసి సగాలు. అవి ఖాళీ కావు కనుక కొత్త బొంత వచ్చినప్పుడల్లా బరంపురం వెళ్ళి మళ్ళీ నిన్నే కొంటున్నాను. పైగా పాత దుకాణంలో ఆ రకం అయిపోయి పక్క దుకాణంలో తెచ్చిన నీ తమ్ముడు లీడరు మీద ఉన్న నీతో కలవడు. ఇద్దరూ నంబరు పదే, ఇద్దరి పళ్ళూ తెల్లనివే. కాటు కలవదు.

నాలుగో కొక్కేనికి వేలాడేది నాది. మా నాన్నగారి లుంగీలు, ఆయన బడికి వేసుకెళ్ళిన తెల్ల చొక్కాలు, కాలరు దగ్గర కాస్త పసుపెక్కినవి. చొక్కా జేబు ఒకటి విప్పకుండా అలాగే అతికాను. ఎక్కించిన ప్రతిసారీ ఒక జానెడు కుడతాను, ఎవరో వస్తారు, దించేస్తాను. నీవల్ల అది ఎంత సులువో చూడు, చెయ్యి కూడా నొప్పి పుట్టదు. నిన్న ఐదోసారి ఎక్కించాను. జేబు దాకా వచ్చేసరికి ఇచ్ఛాపురం నుంచి ఎవరో ఫోను చేశారు, సీమంతం, శుక్రవారం లోపల కావాలట. నా నోటి నుంచి ఆ మాటే వచ్చింది.

అత్తగారు దీపం పెట్టి వస్తూ విన్నారు. ఏమీ అనలేదు. చట్రం దగ్గర ఒక నిమిషం నిలబడి చీరకొంగు సర్దుకుని లోపలికి వెళ్ళిపోయారు. ఆ తర్వాత దించుదామని చూస్తే రన్నరు లేడు. బల్ల కింద వెతికాను, బీరువా కింద చీపురు పెట్టి గుంజాను, కుట్టు డబ్బా బోర్లించాను. డజనులో మిగిలిన రెండూ కూడా లేవు. ఫోర్కు కూడా లేదు. ఈ రోజు పొద్దున మనవడు దాంతో ఉప్మా తింటూ కనిపించాడు.

నాన్నగారి బొంత ఇంకా చట్రం మీదే ఉంది. సీమంతం వాళ్ళకు సోమవారం రమ్మని చెప్పాను.

ఇట్లు,
నీ సగం యజమానురాలు

మరొక సంగతి: అత్తగారు కొంగు మూడింతలు మడిచి ముడి వేసుకున్నారు. నడిచినప్పుడు ఏదో గలగలమంటోంది. నేను అడగలేదు.