మహారాజశ్రీ బేస్‌మెంట్ గారికి

మహారాజశ్రీ బేస్‌మెంట్ గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ, అంటే మా అమెరికా ఇంటి అడుగున, పదమూడు మెట్లు దిగితే వచ్చే నేలకింది గదిలో, తమరూ క్షేమమేనని తెలుసు. క్షేమంగా లేనిది తమరి దగ్గర పడుకుంటున్న మా నాన్న.

2018 జులైలో ఈ ఇల్లు చూడ్డానికి వచ్చిన రోజు గుర్తుందా? షికాగో పక్కనున్న ఈ నేపర్‌విల్ ఎండలో చెమటలు కక్కుకుంటూ తిరిగి తిరిగి మేం చూసిన ఆరో ఇల్లు ఇది. తలుపు తీసి మెట్లు దిగగానే ప్రాణం లేచొచ్చింది. "ఫినిష్డ్ బేస్‌మెంట్" అన్నాడు ఏజెంటు, అంటే కార్పెట్టూ సీలింగూ వేసి ముస్తాబు చేసిందని. మా ఆవిడ నా వైపు చూసింది. నేను సంతకం పెట్టేశాను. ఆ చల్లదనం తమరికి పుట్టుకతో వచ్చిందనీ, జనవరిలో కూడా వదలదనీ ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదు. సంక్రాంతి వెళ్ళిన రెండు వారాలకి, 2019 జనవరి 30న, షికాగో ఓహేర్ ఎయిర్‌పోర్టులో మైనస్ 23 ఫారెన్‌హీట్ నమోదైంది. సెల్సియస్‌లో చెప్పుకుంటే మైనస్ 30 దాటిపోయింది. ఆ రోజు తమరి కార్పెట్ మీద చెప్పుల్లేకుండా నిలబడ్డాను. మళ్ళీ ఎప్పుడూ ఆ పని చెయ్యలేదు.

అయినా మర్యాదల్లో నేనేం తక్కువ చేశానండీ? నూట ఇరవై అంగుళాల స్క్రీను పెట్టించాను. ఆరు రిక్లైనర్లు వేయించాను. సీలింగులో మినుకుమినుకుమనే చుక్కలు పొదిగించాను. బార్ కౌంటర్ కూడా కట్టించాను, మా ఇంట్లో తాగేది మజ్జిగే అయినా. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళు పైన వంటిల్లు చూడకుండానే కిందికి దిగి "బేస్‌మెంట్ అదిరింది బాసూ" అని వెళ్ళారు. ఆ ఒక్క మాట కోసం అప్పు చేశాను. దీపావళి దాటితే మాత్రం తమరి దగ్గర మిగిలేది బియ్యం బస్తాలూ సూట్‌కేసులే. తలా ఓ వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందుకి వచ్చిన మగాళ్ళు జాకెట్లు విప్పకుండా, మోకాళ్ళ మీద దుప్పట్లు కప్పుకుని పేకాడుతారు. ముక్క కలిసిందో లేదో వాళ్ళ మొహాల్లో కనిపించదు, మొహాలన్నీ బిగుసుకునే ఉంటాయి.

పోయిన డిసెంబర్లో మా ఆవిడ రెండో పురిటికి అమ్మానాన్నలు తెనాలి నుంచి వచ్చారు. అమ్మకి పైన చంటిపిల్ల గది. ఇంక ఖాళీగా ఉన్నది తమరే. "నాన్నా, మీకు బేస్‌మెంట్‌లో పక్క వేశాం" అన్నాను. ఆయన మొహం మాడిపోయింది. తెనాలిలో బేస్‌మెంట్ అంటే వానకాలం నీళ్ళు ఇంట్లోకి రాకుండా రోడ్డు కంటే మూడడుగులు ఎత్తు లేపి మట్టి నింపేది.

"బేస్‌మెంట్‌లో మట్టి పోస్తార్రా, మనుషుల్ని పడుకోబెట్టరు."

మరుసటి రోజు నుంచి మంకీ క్యాప్, రెండు స్వెట్టర్లు, సాక్సుల మీద సాక్సులు. గోడ మీద థర్మామీటరు 56 ఫారెన్‌హీట్ (సెల్సియస్‌లో పదమూడు) దగ్గర దీక్ష పట్టినట్టు కూర్చుంది. విడ్డూరం ఏంటంటే, ఇంటిల్లిపాదికీ వేడి పుట్టించే ఫర్నేసు కాపురం ఉండేది తమరి దగ్గరే. అందరికీ వండి పెట్టి ఆఖరికి తను పస్తుండే పెద్దకోడలి బతుకు తమరిది. పైన హాల్లో 70 రాగానే అక్కడి థర్మోస్టాట్ ఫర్నేసుని ఆపేస్తుంది. కింద ఒక మనిషి వణుకుతున్నాడన్న సంగతి దానికి పట్టదు. పైగా తమరి దగ్గర వేడిగాలి వచ్చే చిల్లులన్నీ సీలింగులోనే పెట్టారు. వచ్చిన ఆ కాస్త వేడీ పైపైనే తిరిగి, మెట్లెక్కి, వచ్చిన దారినే పోతుంది.

హీటరు కొన్నాను. 1500 వాట్లు. ఇక్కడి 120 వోల్టులకి పన్నెండున్నర ఆంపులు లాగుతుంది. తమరి బ్రేకరేమో 15కే. నాన్న హీటరు వేసుకుని, టీకి కెటిల్ కూడా నొక్కారు. ఠప్‌మంది. చుక్కలు, స్క్రీను, లైట్లు అన్నీ ఆరిపోయాయి. ముప్పైయేళ్ళు కరెంటాఫీసులో చేసి రిటైరైన మనిషి, చీకట్లోంచి పరమానందంగా అరిచారు: "ఒరేయ్, ఇక్కడ కూడా పోతుందిరా!" అమెరికా వచ్చాక ఆయన నవ్వడం అదే మొదటిసారి.

తమరి గుట్టు బయటపెట్టిందీ ఆయనే. ఓ శనివారం పొద్దున్న, అరోరా బాలాజీ గుడి నుంచి తెచ్చుకున్న పటం ముందు అగరొత్తి వెలిగించారు. పొగ నిటారుగా లేవకుండా, ఎవరో ఊదినట్టు పక్కకి వాలింది. "కిటికీ తీసుందా?" అన్నారు. ఇక్కడ కిటికీ లేదన్నాను. "అయితే బొక్క ఉంది" అని తేల్చి, ఆ అగరొత్తి పట్టుకుని గోడ వెంట నడిచారు. నేను వెనకాల స్టూలు మోసుకుంటూ నడిచాను. ఫర్నేసు గదిలో, కాంక్రీటు గోడ ఆగిపోయి పై అంతస్తు దూలాలు దాని మీద కూర్చునే చోట పొగ పిచ్చిపట్టినట్టు గింగిరాలు తిరిగింది. ఆ దూలాల చివర్లు మూసే చెక్కని ఇక్కడ రిమ్ జాయిస్ట్ అంటారట. స్టూలెక్కి అందులో కుక్కిన ఫైబర్‌గ్లాస్ దూది పీకాను. గులాబీ రంగులో ఉండాల్సింది వడపోత గుడ్డలా నల్లగా ఉంది. ఏళ్ళ తరబడి గాలి దాంట్లోంచే వస్తోంది, దుమ్ము దాంట్లో ఉండిపోతోంది. వెనకాల చెక్క మీద వేలుతో గీస్తే మంచు రాలింది.

గ్యాసు బిల్లు కట్టి నేను వేడి చేసిన గాలి పైకి లేచి అటక సందుల్లోంచి ఆకాశానికి పోతోంది. పోయినదాని చోట్లోకి ఇల్లు కింద నుంచి కొత్త చలిని పీలుస్తోంది. హీటరు ఎంత తిప్పితే అంత పీలుడు. తమరి ఎనిమిదంగుళాల కాంక్రీటు చూసి కోట గోడ అనుకున్నాను. చలిని ఆపడంలో అది అంగుళం ఫోమ్ బోర్డుకి కూడా సాటిరాదట. చుక్కలకి అప్పు చేసినవాడికి చిల్లు కనబడలేదు.

రెండంగుళాల ఫోమ్ బోర్డులు తెచ్చి, దూలానికీ దూలానికీ మధ్య పట్టేట్టు ముక్కలు కోసి, అంచుల్లో డబ్బా ఫోమ్ కొట్టాం. ఆ ఫోమ్ నా చేతులకి అంటుకుని నాలుగు రోజులు వదల్లేదు. బాలసారెకి వచ్చిన బంధువులు గోరింటాకా అని అడిగారు. చుక్కల సీలింగులో గోడ పక్క వరస మొత్తం కోసెయ్యాల్సి వచ్చింది. ఎవరైనా అడిగితే గ్రహణమని చెబుతున్నాం.

ఇప్పుడు పొద్దున్నే 62 చూపిస్తోంది. ఒక స్వెట్టరు దిగింది. మంకీ క్యాప్ దిగలేదు, అది పంతం. దోసెల పిండి తమరి దగ్గర ఇంకా పొంగడం లేదు కాబట్టి గిన్నె ఫర్నేసు పక్కకి మార్చాం. నేల మాత్రం అలాగే ఉంది. ఈ ఊళ్ళో బాగా లోతున మట్టి ఏడాది పొడుగునా 50 దగ్గరే ఉంటుందట. జులైలో నన్ను పడేసింది అదేనని ఇప్పుడు తెలిసింది. కార్పెట్ కింద ఏదైనా వేద్దామంటే, ముందు రిక్లైనర్ల బాకీ తీరాలి.

నిన్న రాత్రి నాన్న ఫోన్లో తెనాలి స్నేహితుడికి చెబుతుంటే మెట్ల మీద నిలబడి విన్నాను. "ఇప్పుడు బేస్‌మెంట్‌లో బానే ఉందిరా, నిద్ర పడుతోంది" అంటున్నారు. స్పీకర్లోంచి ఆ స్నేహితుడి గొంతు జాలిగా వినిపించింది: "ఏడేళ్ళ నుంచీ బేస్‌మెంట్ దగ్గరే ఉందా? గోడలు ఎప్పుడు లేపుతాడంట మీవాడు?"

ఇట్లు,
తమరి యజమాని
(బాకీ తీరేదాకా బ్యాంకువారు)